తోబుట్టువు తప్పిపోతే ఎవరి పరిధి? ‘ఫ్యాన్సీ డాన్స్’ విప్పిన చిక్కుముడి

ఏటి ఒడ్డున ఒకాయన గాలం వేసుకుని ఉన్నాడు. కాస్త అవతల ఒకామె నీళ్లలో దిగి స్నానం చేస్తోంది. ఆయన చూపు గాలం మీద నిలవడం లేదు. ఆ కాసేపట్లోనే పదమూడేళ్ల పిల్ల ఒకతి వెనకనుంచి వచ్చి ఆయన సామానూ బండి తాళాలూ చక్కబెట్టేసింది. నీళ్లలో ఉన్నామె పేరు జాక్స్, పిల్ల పేరు రోకీ. ఇద్దరిదీ ఒకే జట్టు. ‘ఫ్యాన్సీ డాన్స్’ సినిమా ఇలా మొదలవుతుంది. చూస్తున్నవాళ్లకి నవ్వొస్తుంది. చిల్లర దొంగల హాస్య కథ కాబోలు అనుకుంటాం.

మరి కాసేపటికి అసలు సంగతి తెలుస్తుంది. రోకీ తల్లి టావీ కొన్ని వారాలుగా కనబడటం లేదు. జాక్స్ ఆమె తోబుట్టువు. ఓక్లహామా సిటీలో పావ్‌వావ్ అనే పెద్ద ఆదివాసీ వేడుక దగ్గర పడుతోంది. అందులో తల్లీకూతుళ్లు కలిసి ఆడే నాట్యం ఒకటుంది. అమ్మ ఎక్కడున్నా ఆ రోజుకి వచ్చి తీరుతుందని రోకీ నమ్మకం. జాక్స్‌కి ఆ నమ్మకం లేదు, ఆ మాట పిల్లకి చెప్పే ధైర్యమూ లేదు. అందుకే ఒక చేత్తో మనిషి కోసం వెతుకుతూ, ఇంకో చేత్తో ప్రయాణానికి కావలసినవి కూడబెడుతూ ఉంటుంది.

తోబుట్టువులు తప్పిపోయే కథలు మనకు కొత్తవేం కాదు. 1975లో ‘అన్నదమ్ముల అనుబంధం’, 1980లో ‘రామ్ రాబర్ట్ రహీమ్’ చూసిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. ఆ కథల్లో విడిపోవడం మొదటి రీలు, కలుసుకోవడం చివరి రీలు. మధ్యలో పాటలూ ఫైట్లూ ఉంటాయి, వెతుకులాట పెద్దగా ఉండదు. కలుసుకోవడం ఖాయమని టికెట్ కొన్నప్పుడే తెలుసు కాబట్టి ఎవరూ దిగులు పడరు. ‘ఫ్యాన్సీ డాన్స్’లో వెతకడమే కథ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఎవరూ వెతకకపోవడమే కథ. ఎందుకు వెతకరన్నది సినిమాలో పాత్రలు కూర్చుని వివరించరు, వాళ్లకి అది పుట్టినప్పటినుంచీ తెలిసిన విషయం. మనకు తెలియదు. అందుకే ఈ వ్యాసం.

దర్శకురాలు ఎరికా ట్రెంబ్లే సెనెకా-కయుగా తెగకు చెందిన మనిషి. కథను మిసియానా అలీస్‌తో కలిసి రాసుకుంది. అంతకుముందు డాక్యుమెంటరీలు తీసింది, ఒక షార్ట్ ఫిల్మ్ తీసింది. ఫీచర్ సినిమా ఇదే మొదటిది. సెనెకా, కయుగా జాతుల పూర్వీకుల నేల ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. అక్కడినుంచి వాళ్లను విడతలు విడతలుగా పడమటికి తరిమారు. అలా వచ్చిన ఒక పాయ ఓక్లహామా ఈశాన్య మూలన స్థిరపడింది. కథ జరిగేది అక్కడి సెనెకా-కయుగా రిజర్వేషన్‌లో. రిజర్వేషన్ అనగానే మనకు కోటా గుర్తొస్తుంది. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. తెగకు సొంత ప్రభుత్వం, సొంత కోర్టు, సొంత పోలీసులు ఉండే ప్రాంతం అది. సొంత పోలీసులు ఉన్నారు కదా, మరి టావీ కోసం వెతకడానికి అడ్డేమిటి? జాక్స్ సోదరుడు జేజే స్వయంగా ఆ తెగ పోలీసే. అయినా అతను ఊరికే ఉండిపోవలసి వస్తోంది. చిక్కుముడి మొదటి కొస ఇది.

ఎవరు చేశారో తెలిస్తే గానీ ఎవరు వెతకాలో తెలియదు

నేరం జరిగినప్పుడు మన దగ్గర ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఎక్కడ జరిగింది? ఏ స్టేషన్ పరిధి? అమెరికా ఆదివాసీ నేల మీద మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ జరిగింది? చేసినవాడు ఆదివాసీయా కాదా? బాధితురాలు ఆదివాసీయా కాదా? ఈ మూడింటి జవాబులను బట్టి కేసు తెగ పోలీసులకో, రాష్ట్ర పోలీసులకో, ఫెడరల్ అంటే కేంద్ర ప్రభుత్వ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకో వెళ్తుంది. ఒక్కోసారి ఇద్దరికీ హక్కుంటుంది. ఇద్దరికీ హక్కున్నచోట ఎవరూ కదలకపోవడం కూడా జరుగుతుంది.

ఇప్పుడు ఒక మనిషి కనబడటం లేదనుకోండి. ఎక్కడ ఏం జరిగిందో తెలియదు. ఎవరు చేశారో తెలియదు. అసలు నేరం జరిగిందో లేదో కూడా తెలియదు. దర్యాప్తు చేసి కనిపెట్టవలసిన విషయాలన్నీ ముందే తెలిస్తే గానీ దర్యాప్తు ఎవరు చేయాలో తేలదు. ఈ ముడిని ఇంతకన్నా సులువుగా చెప్పడం నాకు చేతకావడం లేదు. జేజే నిస్సహాయత అంతా ఇందులోనే ఉంది. అతను చెడ్డవాడు కాదు, పని ఎగ్గొట్టేవాడూ కాదు. అతని యూనిఫాంకి పనిచేసే చోటు చాలా చిన్నది, అంతే.

ఈ ముడి ఒక్కరోజులో పడలేదు. 1881లో రోజ్‌బడ్ రిజర్వేషన్ మీద క్రో డాగ్ అనే లకోటా మనిషి తన తెగ పెద్ద స్పాటెడ్ టెయిల్‌ని కాల్చి చంపాడు. తెగ పెద్దలు రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి రాజీ చేశారు. 600 డాలర్లు, ఎనిమిది గుర్రాలు, ఒక దుప్పటి ఇచ్చేటట్టు తీర్మానమైంది. తెల్లవాళ్లకి ఇది న్యాయంగా కనిపించలేదు. కింది కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. 1883లో సుప్రీం కోర్టు మాత్రం, తెగ లోపలి నేరం మీద ఫెడరల్ కోర్టుకు అధికారం లేదని చెప్పి అతన్ని వదిలేసింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు అది మింగుడు పడలేదు. 1885లో కొత్త చట్టం చేసి, ఆదివాసీలు చేసే హత్యలాంటి పెద్ద నేరాలను ఫెడరల్ ప్రభుత్వం చేతికి తెచ్చింది. తెగ చేతిలోంచి జారిన మొదటి పెద్ద అధికారం అది.

ఆ తర్వాత నేల జారింది. 1887 నాటి డాస్ చట్టం ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచింది, మిగులు అని లెక్క తేల్చినదాన్ని బయటివాళ్లకు అమ్మేసింది. 1887లో తెగల చేతిలో సుమారు 13.8 కోట్ల ఎకరాలుండేవి. 1934 నాటికి సుమారు 4.8 కోట్లు మిగిలాయి. పైగా మిగిలినది ఒక్కచోట లేదు. చదరంగం పలకలా ఒక గడి తెగది, పక్క గడి ఇంకొకరిది. మాన్యం భూముల తగాదాలు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. దారికి ఇటు జరిగిన దౌర్జన్యానికి ఒక చట్టం, అటు జరిగినదానికి ఇంకో చట్టం.

మూడో దెబ్బ 1978లో పడింది. వాషింగ్టన్ రాష్ట్రంలో సుక్వామిష్ తెగ తన పండుగ రోజుల్లో తెగ పోలీసు మీద చెయ్యి చేసుకున్న ఒక బయటివాణ్ని పట్టుకుని కేసు పెట్టింది. ఆదివాసీ కానివాణ్ని నేర విచారణ చేసే అధికారం తెగ కోర్టుకు లేదని సుప్రీం కోర్టు తేల్చేసింది. దాని ఫలితం ఏమిటో ఊహించడానికి న్యాయశాస్త్రం చదవనక్కర్లేదు. బయటివాడు తెగ నేల మీదికొచ్చి ఆడమనిషిని కొట్టినా, చెరిచినా, ఆ తెగ కోర్టు అతన్ని బోనులో నిలబెట్టలేదు. ఎక్కడో దూరంగా ఉన్న ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఆ కేసు తీసుకోవాలి. తీసుకున్నారా? 2005 నుంచి 2009 వరకు ఆదివాసీ ప్రాంతాల నుంచి వచ్చిన కేసుల్లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు సగం నడపలేమని తిప్పి పంపారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క చెప్పింది. లైంగిక నేరాల్లో అది 67 శాతం.

తన మనిషి మీదైనా తెగ కోర్టు పెద్ద శిక్ష వేయలేదు. 2010 దాకా గరిష్ఠం ఒక ఏడాది. 2010లో చట్టం మార్చాక, కొన్ని షరతులు నెరవేర్చే కోర్టులకు ఒక నేరానికి మూడేళ్ల దాకా వేసే వీలు కలిగింది. 2013లో గృహహింస కేసుల్లోనూ, 2022లో లైంగిక దాడి, వెంటాడి వేధించడం, లైంగిక దోపిడీ కోసం మనుషుల అక్రమ రవాణా లాంటి మరికొన్నింటిలోనూ బయటివాళ్లను విచారించే అధికారం తెగలకు తిరిగి ఇచ్చారు. ఈ వరసలో హత్య లేదు.

ఓక్లహామాలో దీనికి ఇంకో పొర ఉంది. 2020 జులైలో మెగర్ట్ కేసులో సుప్రీం కోర్టు, మస్కోగీ తెగ రిజర్వేషన్ చట్టపరంగా ఎన్నడూ రద్దు కాలేదని చెప్పింది. అదే తర్కంతో తర్వాత చెరోకీ, చోక్టా లాంటి తెగల నేల కూడా రిజర్వేషనే అయింది. రాష్ట్రం తూర్పు భాగంలో చాలా మటుకు ఒక్కసారిగా ఆదివాసీ ప్రాంతం కిందికొచ్చింది, అప్పటిదాకా రాష్ట్రం నడిపిన కేసులు చేతులు మారాయి. రెండేళ్లు తిరక్కుండానే 2022 జూన్‌లో అదే కోర్టు, ఆదివాసీల మీద బయటివాళ్లు చేసే నేరాల్లో రాష్ట్రానికి కూడా అధికారం ఉందని ఇంకో తీర్పు ఇచ్చింది. రెండూ 5–4 తీర్పులే. ఒక్క న్యాయమూర్తి అటో ఇటో అయితే మారిపోయే గీతల మీద నడిచే నేల అది. టావీ కథ ఆ నేల మీదిదే.

పరిధి అన్న మాట విన్నప్పుడు మనకు కూడా ఒక పాత గాయం సలుపుతుంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత, ఆ రాత్రి ఫిర్యాదు పట్టుకుని వెళ్తే ఇది మా పరిధి కాదంటూ తిప్పారని ఆ యువతి కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. జీరో ఎఫ్ఐఆర్ అన్న మాట తెలుగు ఇళ్లలో అప్పుడే అందరి నోటా వినబడింది. ఏ స్టేషన్‌కి వెళ్లినా ముందు ఫిర్యాదు రాసుకోవాలి, తర్వాత సరైన స్టేషన్‌కి పంపుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. మన పరిధి గొడవ రెండు స్టేషన్ల మధ్యది. అక్కడిది మూడు ప్రభుత్వాల మధ్యది. ఫిర్యాదు తీసుకున్నంత మాత్రాన అక్కడ ముడి వీడదు.

లెక్కలో లేని మనుషులు

2016లో అమెరికాలో నేర సమాచార కేంద్రం రికార్డుల్లోకి తప్పిపోయిన ఆదివాసీ స్త్రీలు, బాలికల గురించి 5,712 రిపోర్టులు చేరాయి. న్యాయశాఖ నడిపే తప్పిపోయినవారి డేటాబేస్‌లోకి మాత్రం 116 ఎక్కాయి. సియాటిల్‌లోని ఆదివాసీ ఆరోగ్య పరిశోధన సంస్థ ఒకటి 2018లో ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూపించింది. మొదటిదానికి ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్ల వివరాలు పోలీసులు తప్పక పంపాలి, రెండోదానికి చాలాచోట్ల ఇష్టమైతే పంపుతారు. రాసేటప్పుడు జాతి గడిలో తప్పు రాస్తారు. తెల్లజాతి అనో, హిస్పానిక్ అనో, ఇతరులు అనో పడిపోతుంది. నగరాల్లో ఉండే ఆదివాసీలైతే ఎవరి లెక్కలోకీ రారు.

2020 అక్టోబరులో సవానా చట్టం, నాట్ ఇన్విజిబుల్ చట్టం ఒకే రోజు సంతకమయ్యాయి. మొదటిది ఈ రికార్డులను సరిచేయడానికి, రెండోది అన్ని శాఖలనూ ఒక బల్ల ముందు కూర్చోబెట్టడానికి. 2021లో డెబ్ హాలండ్ ఆదివాసీ వ్యవహారాలు చూసే ఇంటీరియర్ శాఖకు మంత్రి అయ్యాక తప్పిపోయిన, హత్యకు గురైన ఆదివాసీల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. ఆ శాఖకు మంత్రి అయిన మొదటి ఆదివాసీ ఆవిడే.

సినిమా ఈ అంకెలు ఒక్కటీ చెప్పదు. చెప్పకపోవడమే మంచిదైంది. దాని బదులు మనకు ఒక పోలిక చూపిస్తుంది, ఈ సినిమాలో నన్ను అన్నిటికన్నా కలచివేసింది అదే.

జాక్స్ మీద పాత కేసులున్నాయి. ఆ కారణంగా అధికారులు రోకీని ఆమె దగ్గరనుంచి తీసి తాత ఫ్రాంక్ ఇంట్లో పెడతారు. ఫ్రాంక్ జాక్స్‌కీ టావీకీ తండ్రి, తెల్లవాడు, ఎన్నో ఏళ్లుగా వీళ్ల జీవితాల్లో లేనివాడు. పావ్‌వావ్‌కి తీసుకెళ్లడానికి అక్కడ ఒప్పుకోరు. జాక్స్ ఒక రాత్రి వచ్చి పిల్లను తీసుకుని బయల్దేరుతుంది. చట్టం దృష్టిలో అది కిడ్నాప్. వెంటనే ఆంబర్ అలర్ట్, అంటే పిల్లల్ని ఎత్తుకెళ్లినప్పుడు జనం ఫోన్లకి వెళ్లే హెచ్చరిక, మోగుతుంది, ఫొటోలు తిరుగుతాయి, దారిలో ప్రతి కారునూ చూసే కళ్లు తెరుచుకుంటాయి. వారాలుగా టావీ కోసం కదలని యంత్రం, అత్యంత క్షేమంగా ఉన్న పిల్ల కోసం ఒక్క రోజులో కదిలింది.

ఇది మనుషుల దుర్మార్గం మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఆంబర్ అలర్ట్ 1996లో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఒక పాప హత్య తర్వాత మొదలైంది. దానికి కొలతలున్నాయి: పద్దెనిమిదేళ్ల లోపు వయసు, అపహరణ జరిగిందన్న నమ్మకం, ప్రాణాపాయం, గుర్తుపట్టడానికి తగిన వివరాలు. కాగితం మీద రోకీ ఈ కొలతలన్నిటికీ సరిపోతుంది. పేరు, వయసు, ఎవరు తీసుకెళ్లారు, అన్నీ తెలుసు. టావీ ఒక్కదానికీ సరిపోదు. పెద్దది, తనంతట తాను వెళ్లి ఉండొచ్చు, నైట్ క్లబ్‌లో నాట్యం చేసే ఉద్యోగం, తెల్లారేసరికి ఇల్లు చేరకపోతే ఎవరూ ఆశ్చర్యపోని బతుకు. యంత్రం తన కొలతల ప్రకారమే నడిచింది. ఆ కొలతలు రాసినప్పుడు టావీలాంటి స్త్రీ ఎవరికీ గుర్తు లేదు. తప్పిపోయిన ఆదివాసీల కోసం ప్రత్యేక అలర్ట్‌ను మొదటిసారి 2022లో వాషింగ్టన్ రాష్ట్రం తెచ్చింది. దేశమంతటా ఇలాంటి హెచ్చరికలకు ప్రత్యేక కోడ్ ఉండాలని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024 ఆగస్టులో నిర్ణయించింది. అప్పటికి సినిమా విడుదలై నెలన్నర అయింది.

ఫ్రాంక్ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఆదివాసీ పిల్లల్ని కుటుంబాల నుంచి లాక్కెళ్లి బయటివాళ్లకు పెంపకానికి ఇచ్చే అలవాటు అమెరికాలో చాలాకాలం నడిచింది. 1969లోనూ 1974లోనూ చేసిన సర్వేల్లో నూటికి 25 నుంచి 35 మంది ఆదివాసీ పిల్లలు ఇంటికి దూరమైనట్టు తేలింది. దాన్ని ఆపడానికే 1978లో ఆదివాసీ శిశు సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లను తీయవలసి వస్తే ముందు బంధువులకు, తర్వాత తెగకు, ఆ తర్వాతే ఇతరులకు. 2023 జూన్‌లో ఆ చట్టాన్ని కొట్టేయమని వేసిన కేసులో సుప్రీం కోర్టు 7–2తో దాన్ని నిలబెట్టింది. చాలా మంచి చట్టం. అయినా టావీ ఇంట్లో అది సాయపడలేదు, ఎందుకంటే ఫ్రాంక్ కూడా బంధువే. రక్తం ప్రకారం తాత. అతని మీద కేసుల్లేవు. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది. అతని భార్య నాన్సీ మంచి మనసుతోనే రోకీకి బ్యాలే బూట్లు తెచ్చిస్తుంది. పావ్‌వావ్‌లో ఆడాలని తహతహలాడే పిల్లకి బ్యాలే. దుర్మార్గులు లేకుండానే అన్యాయం ఎలా జరుగుతుందో ఆ బూట్ల జత చూస్తే తెలుస్తుంది.

మరి నవ్వు ఎక్కడిది?

ఇంత బరువైన విషయంలో హాస్యం ఎలా ఇమిడింది? సినిమా గురించి రాసినవాళ్లు కొందరు దీన్ని పూర్తిగా విషాద కథగానే లెక్కేశారు. నాకలా అనిపించలేదు. రోకీ అబద్ధాలాడే తీరు, ఇద్దరూ కళ్లతోనే మాట్లాడుకుని పని కానిచ్చేసే ఒడుపు, దారిలో వచ్చే చిన్న చిన్న గండాలనుంచి బయటపడే పద్ధతి, ఇవన్నీ మనస్ఫూర్తిగా నవ్విస్తాయి. ప్రయాణం మధ్యలో రోకీ పెద్దమనిషి అవుతుంది. జాక్స్ దాన్ని దాచదు, హోటల్లో కూర్చోబెట్టి పండగలా చేస్తుంది. పేరంటం పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లు ఆ సీన్ దగ్గర ఒక్కసారి ఆగిపోతారు. పరారీలో ఉన్నా, చేతిలో డబ్బు లేకున్నా, తల్లి ఎక్కడుందో తెలియకున్నా, చేయవలసిన వేడుక చేయవలసిందే.

తప్పిపోయిన మనిషి ఉన్న ఇంటికి దుఃఖించే వీలు కూడా ఉండదు. చనిపోయారని తెలిస్తే ఏడ్చి, పదో రోజు, పదకొండో రోజు, సంవత్సరీకం అని ఒక వరస ఉంటుంది. ఏమీ తెలియకపోతే ఏ కార్యమూ చేయలేం. చేస్తే మనమే చంపుకున్నట్టు ఉంటుంది. మన చట్టం కూడా ఏడేళ్లు కబురు లేకపోతే గానీ మరణించినట్టు భావించదు. పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియని పైలట్ల భార్యలతో మాట్లాడి, ఈ స్థితికి ‘తేలని నష్టం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ స్థితిలో ఉన్నవాళ్లు రోజంతా ఏడుస్తూ ఉండరు. వండుకుంటారు, పోట్లాడుకుంటారు, నవ్వుతారు, నవ్వినందుకు ఉలిక్కిపడతారు. ఆ సినిమాలోని నవ్వు ఇక్కడినుంచి వచ్చిందే. పిల్ల భయపడకుండా ఉండటానికి జాక్స్ నవ్విస్తోంది. జాక్స్ కుంగిపోకుండా ఉండటానికి రోకీ నవ్విస్తోంది. ఒకరికి తెలియకుండా ఒకరు ఆ పని చేస్తున్నారు. జాక్స్‌గా లిలీ గ్లాడ్‌స్టోన్, రోకీగా ఇసాబెల్ డిరాయ్-ఓల్సన్ ఇద్దరూ దీన్ని ఎక్కడా ఎత్తి చూపకుండా నటించారు. గ్లాడ్‌స్టోన్ ముఖంలో చిరునవ్వు మొదలై సగంలో నిలిచిపోయే క్షణాలు కొన్నున్నాయి. కథ మొత్తం అక్కడే ఉంది.

సినిమా బయటికి రావడం కూడా ఒక వెతుకులాటే అయింది. 2023 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో మొదటిసారి చూపించారు, విమర్శకులు మెచ్చుకున్నారు. ఏడాది దాకా కొనేవాళ్లు రాలేదు. ఈలోగా అదే ఓక్లహామాలో 1920ల నాటి ఓసేజ్ తెగవాళ్ల హత్యల మీద తీసిన పెద్ద సినిమా ‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’ విడుదలైంది. అందులో నటించినందుకు గ్లాడ్‌స్టోన్ 2024 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ గెలిచింది, ఆస్కార్‌కి నామినేట్ అయింది. ఆ తర్వాత ఆపిల్ ఈ చిన్న సినిమాను తీసుకుని 2024 జూన్‌లో థియేటర్లలోనూ, వారానికి తన ఓటీటీలోనూ విడుదల చేసింది. వందేళ్ల కిందట చనిపోయిన ఆదివాసీ స్త్రీల కథకు దొరికిన శ్రద్ధ ఇప్పుడు తప్పిపోతున్నవాళ్ల కథకు దొరకడానికి ఇంత తిరగవలసి వచ్చింది.

చిన్నమ్మ

ట్రెంబ్లే మూడేళ్లపాటు కెనడాలోని ఒంటారియోలో, సిక్స్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రాంతానికి వెళ్లి కయుగా భాష నేర్చుకుంది. ఆ భాషను పుట్టుకతో మాట్లాడేవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమంది మిగిలారు, వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. అక్కడ నేర్చుకుంటున్నప్పుడు ఆమెను పట్టేసిన ఒక మాట ఉంది. తల్లి తోబుట్టువును పిలిచే కయుగా మాటకి అర్థం చిన్న అమ్మ. సినిమా ఆ మాట నుంచే పుట్టిందని ఆమె చెప్పింది.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో మేము పిన్నిని చిన్నమ్మ అనే పిలిచేవాళ్లం. అమ్మకన్నా పెద్దదైతే పెద్దమ్మ. ఎటు తిరిగినా అమ్మ అన్న మాట పోదు. ఇంగ్లిషులో ఆంటీ అంటే మేనత్త కావచ్చు, పిన్ని కావచ్చు, పక్కింటావిడ కావచ్చు. తెలుగులో ఆ పొరపాటు జరగదు. ఎక్కడో న్యూయార్క్ సరస్సుల దగ్గర పుట్టిన భాష, మనకి ఏ సంబంధమూ లేని భాష, సరిగ్గా మన ఇంట్లో మాటే పట్టుకుంది.

ఇప్పుడు సినిమాను మళ్లీ ఈ మాట పట్టుకుని చూడండి. అధికారుల కాగితాల్లో జాక్స్ ఆంటీ, నేర చరిత్ర ఉన్న బంధువు, పిల్లను ఎత్తుకెళ్లిన మనిషి. రోకీ నోట్లో ఆమె చిన్నమ్మ. జాక్స్ కారు నడుపుతూ పిల్లకు తమ భాష నేర్పుతుంది. ఆ మాటలు వాళ్లిద్దరి మధ్య రహస్య సంకేతాల్లాగా కూడా పనికొస్తాయి, బయటివాళ్ల ముందు ఏదైనా చెప్పుకోవలసి వచ్చినప్పుడు. ఒకప్పుడు ప్రభుత్వ బడుల్లో ఆ భాష మాట్లాడితే పిల్లల్ని కొట్టేవాళ్లు. 1883 నాటి నియమాల కింద వాళ్ల నాట్యాలు కూడా నేరమే, ఆడితే రేషన్ కోసేవాళ్లు. ఆ నాట్యంలోకే రోకీ ఇప్పుడు తన శాలువా పట్టుకుని బయల్దేరింది.

చివరికి ఏమవుతుందో నేను చెప్పను. టావీ దొరికిందా లేదా అన్నది మీరు చూసే తెలుసుకోవాలి. ఒక్క సంగతి మాత్రం ముందే తెలిసుంటే ఆ ఆఖరి నిమిషాలు ఇంకోలా కనిపిస్తాయి కాబట్టి చెబుతున్నాను. ఆ నాట్యం తల్లీకూతుళ్లది. డప్పు మోగుతుంది, తల్లులూ కూతుళ్లూ వలయంలోకి రమ్మని పిలుపొస్తుంది. ఆ పిలుపు విన్నప్పుడు ఇంగ్లిషులో ఆలోచించేవాళ్లు రోకీ తల్లి కోసం జనంలో వెతుకుతారు. కయుగా తెలిసినవాళ్లూ, తెలుగు తెలిసినవాళ్లూ వలయం అంచున నిలబడిన జాక్స్ కాళ్ల వైపు చూస్తారు.